మగ్గబెట్టకు నాయనా, వేయించు

పెనం కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఆంటీ, నమస్తే. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. ఇక్కడ ఒహాయో రాష్ట్రంలో కొలంబస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. మా ల్యాబ్‌లో అమెరికన్ అమ్మాయి ఒకామె పంది కీమా, క్యాబేజీ ఒకటే పెనంలో వేయించి బాక్సులో తెచ్చింది. ఇరవై నిమిషాల పనే అంది. నాకు తెగ నచ్చి రూమ్‌కి వచ్చి చేశాను. కీమాని జల్లెడలో వేసి పసుపు నీళ్లతో రెండుసార్లు కడిగాను. ఉల్లిపాయలు వేగాక కీమా, క్యాబేజీ, ఉప్పు, సోయా సాస్ అన్నీ వేసి మూతపెట్టాను. తీసి చూస్తే బూడిదరంగు నీళ్లలో ముద్దలు తేలుతున్నాయి. ఆ వాసనకి మా రూమ్మేట్ కిటికీ తీసుకుని కూర్చున్నాడు, బయట మంచు పడుతుంటే! తప్పెక్కడ జరిగింది?
(పేరు వద్దన్నారు, కొలంబస్)

జవాబు: నీ ఉత్తరంలో కీమాని కడిగానన్న చోటికి వచ్చేసరికి నవ్వాగలేదు బాబూ. నవ్వినందుకు ఏమీ అనుకోకు, నేనూ కడిగినదాన్నే. 2001లో న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చిన కొత్తలో కీమాని టీ వడపోసే జల్లెడలో కడిగితే సగం సింకులోకి పోయింది. మాంసం కడగకుండా వండితే మా తెనాలి అమ్మమ్మ ఆత్మ క్షోభిస్తుందని భయం. కానీ కీమా ముక్క కాదు, స్పాంజి. ఎంత నీరు పోస్తే అంత పట్టుకుని కూర్చుంటుంది. పైగా పచ్చిమాంసం కడిగిన నీళ్లు తుంపరలై సింకు చుట్టూ పడతాయి, వాటితోపాటు క్రిములూ పడతాయి. అందుకే ఇక్కడి ప్రభుత్వ వ్యవసాయ శాఖ కూడా మాంసం కడగొద్దనే చెబుతుంది. ప్యాకెట్ విప్పు, కాగితం తువ్వాలుతో తడి అద్దు, అంతే.

ఇక అసలు తప్పు. మన చేతికి అలవాటైన పని మగ్గబెట్టడం. క్యాబేజీ కూరంటే పోపు వేసి, ఉప్పు చల్లి, మూతపెట్టి, సన్నసెగ మీద మగ్గనిస్తాం. పెసరపప్పు, కొబ్బరి వేసే కూరకి అది బాగానే ఉంటుంది. ఈ వంట అది కాదు. ఇందులో రెండూ వేగాలి. క్యాబేజీలో నూటికి తొంభై పాళ్లకి పైగా నీరే, మాంసంలోనూ నీరు బాగానే ఉంటుంది. ఉప్పు పడగానే ఆ నీరంతా బయటికొస్తుంది, మూత ఉంటే ఆవిరి పోయే దారి ఉండదు. నీరున్నంతసేపూ పెనం వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మాంసం ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే నూటనలభై డిగ్రీల సెల్సియస్ దాటాలి. అంటే నువ్వు కీమా వేయించలేదు, ఉడకేశావు. ఆ కంపు కూడా అందుకే. క్యాబేజీని ఎక్కువసేపు ఉడికిస్తే అందులోని గంధకం కుళ్లిన గుడ్డు వాసనలా బయటపడుతుంది. నాలుగైదు నిమిషాల్లో దించేస్తే ఆ బాధే ఉండదు.

నేనెలా చేస్తానో చెబుతాను. పన్నెండు అంగుళాల పెనం కావాలి, ఇనపదైతే మరీ మంచిది. దోశల నాన్‌స్టిక్ పెనం మీద చేయకు, అంచు లేక క్యాబేజీ స్టవ్ మీదికి దూకుతుంది. నీ అపార్ట్‌మెంట్‌లో ఉన్నది కరెంటు కాయిల్ స్టవ్ అయితే ఖాళీ పెనాన్ని మధ్యస్థంగా మూడు నాలుగు నిమిషాలు కాగనివ్వు. నీటి చుక్క వేస్తే చుయ్‌మని ఎగిరిపోవాలి. అప్పుడు చెంచాడు నూనె, దాని మీద ఒక పౌండు, అంటే 450 గ్రాముల కీమా. వేసి పెనమంతా పరిచెయ్, అట్టు వేసినట్టు.

తరువాత ముట్టుకోకు. మనవాళ్లకి ఇదే కష్టం, గరిట చేతిలో ఉంటే చెయ్యి ఊరుకోదు. ముందు కొంచెం నీరు ఊరి బుడగలు వస్తాయి. అది ఇంకిపోగానే చప్పుడు మారుతుంది, బుడబుడ పోయి చిటపట వస్తుంది. అప్పటికి నాలుగు నిమిషాలవుతుంది. అట్లకాడతో ఒక మూల ఎత్తి చూడు, వేరుశనగ గుళ్లు వేగిన రంగు ఉంటే తిరగెయ్యి, ముక్కలు ముక్కలుగా విడగొట్టు. ఇంకో మూడు నిమిషాలు. పెనం అడుగున గోధుమరంగు పొర పడుతుంది. మాడిందని కంగారుపడకు. పాలగిన్నె అడుగు గోకి తిన్న వాళ్లకి తెలుస్తుంది దాని విలువ. రుచంతా అక్కడే ఉంది.

ఇప్పుడు పెనం వంచి చూడు. కొవ్వు ఎక్కువుంటే రెండు చెంచాలు ఉంచి మిగతాది చెంచాతో తీసి పాత డబ్బాలో పొయ్యి. సింకులో మాత్రం పోయకు. నేను పోశాను, జనవరి చలికి గొట్టంలో గడ్డకట్టింది. ప్లంబర్ నూట ఎనభై డాలర్లు తీసుకున్నాడు. మా ఆయన ఇప్పటికీ దాన్ని ‘నూట ఎనభై డాలర్ల కూర’ అనే పిలుస్తాడు.

తరువాత నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం, రెండు పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి వెయ్యి, ముప్పై సెకన్లు చాలు. మధ్యరకం క్యాబేజీలో సగం, వేలెడు వెడల్పు ముక్కలుగా కోసింది ఒక్కసారే వేసి మంట పెంచు. మరీ సన్నగా తరిగితే ముద్దవుతుంది. తరగడానికి బద్ధకమైతే కోల్‌స్లా మిక్స్ అని సంచుల్లో అమ్ముతారు, ఒక సంచి సరిపోతుంది. ఉప్పు వద్దు, మూత అసలొద్దు. రెండు నిమిషాలకోసారి కలుపు. అంచులు అక్కడక్కడా నల్లబడి, మధ్యలో ఇంకా కరకరలాడుతుండగా రెండు టేబుల్ స్పూన్ల సోయా సాస్, ఒక టీ స్పూన్ వెనిగర్ పోసి అడుగు గోకేస్తూ కలుపు. ఆ గోధుమ పొర కరిగి క్యాబేజీకి పట్టుకుంటుంది. అప్పుడు రుచి చూసి ఉప్పు కావాలంటే వేసుకో. సోయా సాస్ ఒక్క టేబుల్ స్పూన్‌లోనే సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, చాలాసార్లు ఉప్పు అక్కర్లేదు.

దించాక ఉల్లికాడలు, అర చెంచా నువ్వుల నూనె. మనూరి గానుగ నువ్వుల నూనె కాదు, నువ్వులు వేయించి తీసినది, ముదురు రంగులో ఉంటుంది. అది పోపుకి పనికిరాదు, వాసనకే. నువ్వు ఉల్లిపాయలు వేశానన్నావు కదా, అవీ తడే. వేసుకోవాలనిపిస్తే క్యాబేజీతోపాటు వెయ్యి.

అమెరికాలో దీన్ని ఎగ్ రోల్ ఇన్ ఎ బౌల్ అంటారు. ఇక్కడి చైనీస్ హోటళ్లలో ఎగ్ రోల్ అంటే క్యాబేజీ, పంది మాంసం లోపల పెట్టి, పిండి రేకు చుట్టి నూనెలో వేయించేది. చుట్టే పని మానేసి లోపలిది మాత్రమే తింటున్నారన్నమాట. పేరులో ఎగ్ ఉంది కదా అని గుడ్డు కొట్టకు. నాకు మాత్రం ఇది నేర్పింది అమెరికన్లు కాదు. హాస్పిటల్ ల్యాబ్‌లో నాతోపాటు రాత్రి డ్యూటీ చేసిన ఫిలిప్పీన్స్ ఆవిడ. ఆవిడ సోయా సాస్‌తోపాటు పాటిస్ అనే చేపల సాస్ నాలుగు చుక్కలు వేసేది. సీసా మూత తీస్తే కంపు, కూరలో పడితే ఎక్కడికి పోతుందో ఆ కంపు! నేను అలా వేసి అన్నంలోకి ఆవకాయ నంజుకుంటాను. ఆవిడ చూసి ముక్కు మూసుకునేది.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్లోరిడాలో ఉద్యోగం. పోర్క్ తింటున్నాడట, అదీ క్యాబేజీతో కలిపి. రెండింట్లోనూ పురుగు ఉంటుందని, మెదడుకెక్కుతుందని ఇక్కడ అందరూ అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.
(ఒక తల్లి, గుంటూరు)

జవాబు: వదినగారూ, మీ భయంలో ఒక నిజం ఉంది, అది వేరే చోట ఉంది. ఆ పురుగు బద్దె పురుగు. దాని పిల్ల దాగిన బుడిపెలున్న పంది మాంసం సరిగా ఉడక్కుండా తింటే పేగుల్లో బద్దె పురుగు పెరుగుతుంది. మెదడుకి చేరేది మాత్రం దాని గుడ్లు కడుపులోకి వెళ్లినప్పుడు. ఆ గుడ్లు పురుగున్న మనిషి మలంలో ఉంటాయి. కడగని చేతులు, మురికి నీళ్లు, ఆ నీళ్లు తగిలిన పచ్చి కూరగాయల ద్వారా మనలోకి వస్తాయి. క్యాబేజీ మీద కనబడే ఆకుపచ్చ పురుగుకీ దీనికీ సంబంధమే లేదు, అది సీతాకోకచిలుకదో రెక్కల పురుగుదో పిల్ల. కాబట్టి పచ్చిగా తినే క్యాబేజీని పై ఆకులు తీసి, బాగా కడిగి తినాలి. పెనం మీద వేగినదానికి భయం లేదు.

మాంసం సంగతి కొలతతో చెబుతాను. కీమాకి లోపల వేడి 160 ఫారన్‌హీట్, అంటే 71 సెల్సియస్ రావాలి. వంటింటి థర్మామీటర్ పదిహేను డాలర్లకి దొరుకుతుంది, ఒకటి కొనుక్కోమనండి. రంగు చూసి నమ్మకూడదు. పైన చెప్పినట్టు చిటపటలాడేదాకా విడివిడిగా వేయిస్తే ఆ వేడి ఎప్పుడో దాటిపోతుంది. వాడు ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని అడగండి, ఏం తిన్నావని అడగకండి.

ప్రశ్న: మా ఇంట్లో పంది మాంసం తినరు. చికెన్ కీమాతో చేయొచ్చా మేడమ్? మిగిలితే రేపటికి ఉంటుందా?
(గృహిణి, హైదరాబాద్)

జవాబు: చేయొచ్చు. చికెన్ కీమాలో కొవ్వు తక్కువ, తడి ఎక్కువ. రెండు టేబుల్ స్పూన్ల నూనె వేసి, సగం సగం చొప్పున రెండు విడతలుగా వేయించండి. తొడ మాంసం కీమా కొట్టించుకుంటే ఎండిపోదు. చికెన్‌కి వేడి కొంచెం ఎక్కువే కావాలి, 74 సెల్సియస్.

మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఉంటుంది. మీ వేసవిలో అయితే గంటకే పెట్టేయండి. మర్నాడు క్యాబేజీ మెత్తబడుతుంది, మొదటి రోజు కరకర ఉండదు. నేనైతే పొద్దున్నే దాన్ని పెనం మీద వేడిచేసి, పలచగా అట్టు పోసి, మధ్యలో పెట్టి మడిచేస్తాను. మా ఆయన దాన్ని మాత్రం నూట ఎనభై డాలర్లని అనడు.