ఫ్యాక్టరీలో అందరికీ కొత్తగా ఆలోచించడం ఎలా నేర్పాలి?

ఉదాహరణకు, మీది చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అయితే, తిరుపతి హోటల్లో ఒకరోజు సెమినార్ పెట్టి లాభం లేదు. తోతాపురి సీజన్ మొదట్లో, లోడు తక్కువున్నప్పుడు, మెషిన్ దగ్గరే మొదలుపెట్టండి.

ఆపరేటర్, ఫిట్టర్, క్వాలిటీ, స్టోర్స్, ఆఫీసు కలిపి 6 మంది చాలు. ప్రశ్న చిన్నదిగా ఉండాలి: "డీస్టోనర్ (పండు నుంచి టెంక తీసే మెషిన్) నుంచి వచ్చే టెంకలకు ఇంకా గుజ్జు ఎందుకు అంటుకుని ఉంటోంది?" 5 నిమిషాలు మాటల్లేకుండా చీటీల మీద రాయాలి, రాయడం రానివాళ్లది పక్కవాళ్లు రాస్తారు. సూపర్‌వైజర్ చివర్లోనే నోరు విప్పాలి. ఆయన ముందే చెప్పేస్తే మిగతావాళ్లు "అంతే సార్" అంటారు, అక్కడితో సరి.

వద్దన్న సూచనకూ వారంలోగా కారణం చెప్పండి, లేకపోతే మళ్లీ ఎవరూ రాయరు.

డీస్టోనర్ లోపలి తెడ్డుకీ జల్లెడకీ మధ్య సందు తగ్గించాలన్నారనుకోండి, ఒక్క బ్యాచ్‌లోనే చూడండి. సందు మరీ తగ్గితే టెంక పగిలి గుజ్జు చేదెక్కుతుంది. మార్పుకు ముందూ తర్వాతా టెంకల తూకం తప్పనిసరి.