పాక్స్6 యాంటీబాడీ వేస్తే కణమంతా ఎందుకు మెరుస్తోంది?

మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ చేస్తున్న తమ్ముడు కోడి పిండంతో పడ్డ తిప్పలివి. యాంటీబాడీ అంటే ఒక ప్రొటీన్‌ను వెతికి అంటుకునే అణువు; మెరుపు ఎక్కడుంటే ఆ ప్రొటీన్ అక్కడున్నట్టు.

పాక్స్6 కంటి ఎదుగుదలను నడిపే ప్రొటీన్. జీన్లను ఆన్, ఆఫ్ చేస్తుంది కాబట్టి ప్రధానంగా కేంద్రకంలోనే కనిపించాలి. టెన్షన్ పడకుండా ఒక స్లైడ్‌కి సెకండరీ యాంటీబాడీ (పాక్స్6 యాంటీబాడీకి అంటుకుని మెరిసేది) మాత్రమే వేసి చూడు. అదీ మెరిస్తే తప్పు పాక్స్6 యాంటీబాడీది కాదు, బ్లాకింగ్‌దో (యాంటీబాడీ అక్కడా ఇక్కడా అంటుకోకుండా ముందే వేసే పూత) సెకండరీదో.

కేంద్రకం మెరిసినంత మాత్రాన నమ్మేయకు. పాక్స్ కుటుంబంలో డీఎన్‌ఏను పట్టుకునే భాగం దాదాపు ఒకేలా ఉంటుంది; దానికి చేసిన యాంటీబాడీ అన్నదమ్ములందరికీ అంటుకుంటుంది. వేరుగా ఉండే తోక భాగానికి చేసింది కొను.

మూడో రోజు పిండంలో కంటి కటకం మెరవాలి, గుండె మెరవకూడదు. అన్నట్టు, కిరాణా కొట్టు గుడ్లలో పిండం ఉండదు, హేచరీలో అడుగు.