కుంకుడుకాయలు మంచివే, కొట్టేదెవరు?

షాంపూలు, ఫేస్‌వాష్‌లు మానేసి ఇంట్లో దొరికేవాటితోనే జుట్టు, చర్మం బాగా ఉంచుకోవచ్చా, ఎవరైనా చేసి చూశారా అని అడిగారు. ఉంచుకోవచ్చు. నేను తలకి కుంకుడుకాయలు, ఒంటికి సున్నిపిండి తప్ప వేరేది వాడను, అదీ ఉద్యోగం చేసుకుంటూనే. అయితే ఈ చిట్కాల వీడియోలు చేసేవాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది. ఇందులో డబ్బు ఖర్చు పెద్దగా ఉండదు, ఉన్నదంతా చాకిరీ. ఆ చాకిరీ ఇంట్లో ఎవరు చేస్తారో ముందు తేల్చుకుని మొదలుపెట్టండి.

మా అత్తగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. ఒక దీపావళికి హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి వచ్చారు. నరక చతుర్దశి నాడు తెల్లారకముందే అందరి తలంట్లూ అయిపోవాలి ఆవిడకి. సరే కదా అని నేను ముందురోజే కుంకుడు పొడి ప్యాకెట్ తెచ్చిపెట్టాను. ఆవిడ నాలుగింటికే లేచి, ఆ పొడి చిటికెడు అరచేతిలో వేసుకుని, రెండు చుక్కలు నీళ్ళు పోసి రుద్దారు. బుసబుసమని తెల్లటి నురగ.

"రెండు చుక్కల నీళ్ళకే ఇంత నురగేమిటమ్మాయ్? సబ్బుపొడి కలిపాడో ఏమో వాడెవడో" అని ప్యాకెట్ పక్కన పడేసి, తన సంచిలోంచి గుడ్డమూట తీశారు. ముడతలుపడి, గోధుమరంగులో ఉన్న కాయలు, చేత్తో కదిపితే లోపల గింజ గలగలలాడుతోంది. బాల్కనీలో గోనెపట్టా పరుచుకుని, అల్లం దంచుకునే బండతో కొట్టడం మొదలుపెట్టారు. టక్. టక్. టక్. మా కింద ఫ్లాట్‌లో ఉండే అబ్బాయి నైట్ షిఫ్ట్ చేసి అప్పుడే పడుకున్నాడట. ఐదు నిమిషాల్లో వాచ్‌మన్ పైకొచ్చాడు, కింద సార్ ఫోన్ చేశారమ్మా అంటూ. "సూర్యుడు నెత్తిమీదకొచ్చాక తలంట్లేమిటయ్యా, పండగపూట?" అని అత్తగారు అతనికే ఎదురు ప్రశ్న వేశారు. చివరికి అతనే మూట కిందకి పట్టుకెళ్ళాడు. వాళ్ళావిడ పార్కింగ్‌లో సిమెంటు గచ్చు మీద కొట్టి, నల్ల గింజలన్నీ ఏరేసి, పైన తొక్కలు మాత్రం గిన్నెలో పోసి పంపింది. నాలుగు మందారాకులు కూడా తనే కోసి వేసింది.

అవి వేడినీళ్ళలో నానాలి. ఆ తర్వాత చేత్తో పిసికి పిసికి రసం తీయాలి. మందారాకుల జిగురు తోడైతే జుట్టు చిక్కుపడదు. ఆ రసాన్ని పాత పంచె ముక్కలో వడకట్టాలి. ఈ వడకట్టడం ఒక్కటీ ఎగ్గొట్టారనుకోండి, సాయంత్రం వరకూ జుట్టులోంచి పిప్పి ఏరుకుంటూ కూర్చోవాలి. రసం కంట్లో పడి మావాడు ఇల్లెగిరిపోయేలా అరిస్తే అత్తగారు వాడి నోట్లో ఉప్పుకల్లు పెట్టారు. నోట్లో ఉప్పుకి కంట్లో మంట ఎలా తగ్గుతుందో నాకైతే అర్థం కాదు. వాడు ఆ ఉప్పుకి మొహం వికారంగా పెట్టి ఏడుపు ఆపిన మాట మాత్రం నిజం. మీరు మాత్రం చన్నీళ్ళతో కళ్ళు బాగా కడగండి.

ఆ రోజు జుట్టు ఆరాక చూసుకుంటే మెత్తగా, తేలిగ్గా ఉంది. జిడ్డు పోయింది, అలాగని పూర్తిగా పొడిబారలేదు. అప్పటినుంచి నేను మారిపోయాను. అయితే బోరునీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు పోసుకునేవాళ్ళు అద్భుతాలు ఆశించకండి. ఆ ఉప్పునీళ్ళకి మీరు కుంకుడు పెట్టినా, బంగారం పెట్టినా జుట్టు పీచే. అపార్ట్‌మెంట్ మీటింగుల్లో లిఫ్టులో అద్దం గురించి గంటసేపు కొట్టుకుంటారు గానీ నీళ్ళ సంగతి ఒక్కరూ ఎత్తరు.

ఇంకో మాట. అమ్మమ్మల కాలంలో అందరికీ ఒత్తుగా, బారుగా జుట్టుండేదని అంటుంటారు. మరి సవరాలు ఎవరు పెట్టుకునేవారండీ? మా అమ్మమ్మ దగ్గరే రెండు సవరాలుండేవి. జుట్టు చాలావరకు పుట్టుకతో వచ్చేది. కుంకుడుకాయ మురికి వదిలిస్తుంది, లేని జుట్టుని మొలిపించదు. డెంగ్యూ, టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. కాన్పయ్యాక కూడా అంతే. చాలామందికి కొన్ని నెలల్లో అదే మళ్ళీ వస్తుంది. సరిగ్గా ఆ సమయానికి ఎవరో గుంటగలగరాకు నూనె అమ్ముతారు, పేరు నూనెకి పోతుంది. నూనె రాసుకోండి, తప్పులేదు. కానీ నెలల తరబడి రాలుతూనే ఉంటే ముందు రక్తంలో ఐరన్, థైరాయిడ్ చూపించుకోండి.

ముఖం విషయానికొస్తే, వంటింట్లో ఉన్నదల్లా పూసుకునే పిచ్చి నాకు అస్సలు నచ్చదు. మా ఆడపడుచు కూతురు ఎవరో చెప్పారని నిమ్మచెక్క ముఖానికి రుద్దుకుని ఎండలో కాలేజీకి వెళ్ళింది. నిమ్మరసం మీద ఎండ పడితే చర్మం కమిలిపోతుంది. చెంప మీద గోధుమరంగు మచ్చలు నెలల తరబడి పోలేదు పాపం. వంటసోడా కూడా వద్దు, చర్మానికి అది మరీ ఘాటు. పెసలు, కాస్త బియ్యం, ఎండబెట్టిన బత్తాయి తొక్కలు, కచ్చూరాలు, కస్తూరి పసుపు ఆడించిన సున్నిపిండి చాలు. మరలో ఆడించింది అలాగే వాడితే ముఖం గీసుకుపోతుంది, పల్చటి బట్టలో జల్లించాలి. ఆ రవ్వ మోచేతులకి, మడమలకి పనికొస్తుంది. బాత్రూం తూముకి జాలీ పెట్టుకోండి. లేకపోతే పిండి అడ్డుపడి, ప్లంబర్ వచ్చి మీ ప్రకృతి వైద్యం మీద ఉపన్యాసం ఇచ్చి వెళతాడు.

తెల్లజుట్టుకి హెర్బల్ అని అమ్మే నల్ల గోరింటాకు పొడి జోలికి మాత్రం పోకండి. అసలు గోరింటాకు గంటలకొద్దీ ఉంచితే ఎర్రగా పండుతుంది, అరగంటలో నల్లగా పండదు. అలా పండిందంటే అందులో పీపీడీ అనే రసాయనం ఉందనే అనుకోవాలి. పడనివాళ్ళకి నెత్తి దురదపెట్టి, పొక్కి, కళ్ళు కూడా వాచిపోతాయి.

ఇక కుంకుడుకాయలు వానాకాలంలో కొనకండి. తేమకి మెత్తబడి జిగురు సాగుతాయి, ఎంత కొట్టినా గింజ ఊడదు. ఎండాకాలంలో కిలో కొని, బాగా ఎండబెట్టి, ఒక ఆదివారం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి గింజలు తీయించి డబ్బాలో పోసి పెట్టుకోండి. మగవాళ్ళని కూడా కూర్చోబెట్టండి, వాళ్ళకీ జుట్టుంది కదా.