ఫోర్‌హ్యాండ్ బంతి గీత దాటిపోతుంటే…

ప్రశ్న: నాలుగు నెలలుగా ఉదయం పూట టెన్నిస్ నేర్చుకుంటున్నాను. ఫోర్‌హ్యాండ్ (అరచేతి వైపు నుంచి కొట్టే దెబ్బ) కొడితే బంతి బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) అవతల పడుతోంది. అదుపు చేయబోతే నెట్‌కు తగులుతోంది. మణికట్టు తిప్పి కొట్టమని తోటివారు అంటున్నారు. పక్కనుంచి తీసిన వీడియో పంపుతున్నాను. మా అన్నయ్య పాత రాకెట్‌తో ఆడుతున్నాను, మార్చాలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వీడియోను నెమ్మదిగా నడిపి, బంతి రాకెట్‌కు తగిలిన క్షణంలో ఆపి చూశాను. అప్పటికే బంతి మీ కుడి తుంటి పక్కకు వచ్చేసింది, రాకెట్ ముఖం ఆకాశంవైపు తిరిగి ఉంది. మీరు పిడిని సుత్తిని పట్టినట్టు పట్టుకుంటున్నారు. సర్వీసుకూ వాలీకీ (బంతి నేలను తాకకముందే కొట్టే దెబ్బ) పనికివచ్చే ఈ కాంటినెంటల్ పట్టుతో ఫోర్‌హ్యాండ్ కొడితే ముఖం పైకి తెరుచుకుని బంతి లేచిపోతుంది. దాన్ని సరిదిద్దాలని మణికట్టు మడిచినప్పుడు నెట్‌లోకి పోతుంది. బంతి గట్టింగ్ (రాకెట్ తీగల అల్లిక) మీద నిలిచేది సెకనులో వెయ్యోవంతులు నాలుగో అయిదో మాత్రమే కనుక, ఆ వ్యవధిలో మణికట్టుతో దిద్దుకోవడం ఆరితేరినవారికీ సాధ్యం కాదు. మీ తోటివారు ఏమీ అనుకోకపోతే, ఆ సలహాను పక్కన పెట్టండి.

ఎడమచేత్తో రాకెట్ మెడ పట్టుకుని, కుడి అరచేతిని గట్టింగ్ మీద పరిచి, అలాగే పిడి దాకా జార్చి వేళ్లు మూయండి. ఇది ఈస్టర్న్ పట్టు. మొదటి వారం చేతికి కొత్తగానే ఉంటుంది.

అంతకన్నా ముఖ్యమైనది సమయం. బంతి మీవైపు నేలను తాకిన తరువాతే మీరు రాకెట్‌ను వెనక్కి తీస్తున్నారు, ఆలస్యమంతా అక్కడే జరుగుతోంది. బంతి ఎదుటివారి రాకెట్‌ను వదిలి ఫోర్‌హ్యాండ్ వైపు వస్తోందని తెలియగానే భుజాలు పక్కకు తిరగాలి. ఎడమచేతిని రాకెట్ మెడమీద కాసేపు ఉంచితే అవి వాటంతట అవే తిరుగుతాయి. ఆపైన రాకెట్ తలను బంతికంటే కిందికి దించి, ముందు పాదానికి కాస్త ముందుగా, నడుము ఎత్తులో బంతిని అందుకుని, పైకి సాగనివ్వండి. అలా పుట్టే టాప్‌స్పిన్ (బంతి ముందుకు దొర్లినట్టు తిరగడం) వల్ల నెట్‌కు బాగా పైనుంచి వెళ్లిన బంతి కూడా గీతలోపలే దిగుతుంది.

కొన్నాళ్లు నెట్‌కూ బేస్‌లైన్‌కూ మధ్యనుండే సర్వీస్ లైన్ దగ్గర నిలబడి, బంతిని మీరే చేత్తో వదిలి, ఒకసారి ఎగిరాక కొట్టండి. ఆకుపచ్చ చుక్క బంతులు దొరికితే మంచిది, అవి మామూలువాటికంటే పాతిక శాతం నెమ్మది. బేస్‌లైన్‌కు వెళ్లాక ఎదుటి మూలకు ఏటవాలుగా గురిపెట్టండి: స్తంభాల దగ్గర మూడున్నర అడుగులుండే నెట్ మధ్యలో 3 అడుగులే ఉంటుంది, పైగా 78 అడుగుల సింగిల్స్ కోర్టు మూల నుంచి మూలకు 82 అడుగులు దాటుతుంది.

రాకెట్ మార్చనక్కర్లేదు. అయితే పాతబడి వదులైన గట్టింగ్ బంతిని ఇంకా దూరం నెడుతుంది కాబట్టి, కొత్తది వేయించండి.