బాండ్లకు వెళ్లే ముందు డీసీబీ (పన్ను డిమాండు, వసూలు, బకాయిల లెక్క) చూడు

చి. సౌజన్యకు, ఆశీస్సులు.

మున్సిపాలిటీ పనుల మీద నువ్వు పంపిన నోట్ చదివాను. పంపుహౌస్‌కు సోలార్, ఊరంతా ఎల్ఈడీ దీపాలు, మురుగుశుద్ధి కేంద్రం, ఎలక్ట్రిక్ బస్సులు, ఈ నాలుగింటికీ కలిపి వంద కోట్ల గ్రీన్ బాండు (పర్యావరణ పనులకే వాడాల్సిన అప్పు పత్రం) వేద్దామన్నావు. నాలుగూ కావలసిన పనులే. కానీ నాలుగింటినీ ఒకే మూటలో కట్టకు. ఒక్కోదాని అప్పు ఒక్కో చోట నుంచి తీరాలి. ఎవరిస్తారన్నది తర్వాతి మాట. ఏ రాబడితో కడతాం, జీతాలకో కాంట్రాక్టరు బిల్లులకో ఆ రాబడి వెళ్లిపోకుండా ఎలా కట్టడి చేస్తాం అన్నది ముందు తేలాలి.

లెక్క చూడు. వంద కోట్లు, పదేళ్లు, 8.25 శాతం అనుకుందాం. ఏటా వడ్డీ 8.25 కోట్లు. అసలు చివర్లో ఒకేసారి కట్టేదైతే సింకింగ్ ఫండులో (అసలు తీర్చడానికి కూడబెట్టే నిధిలో) ఏటా ఏడుంపావు కోట్లు వేస్తూ పోవాలి, అదీ ఆ డిపాజిట్ మీద 7 శాతం వస్తేనే. రెండూ కలిపితే ఏడాదికి పదిహేనున్నర కోట్లు, నెలకు దాదాపు కోటీ ముప్పై లక్షలు. కొనేవాళ్లు దీనికి సరిగ్గా సరిపోయే రాబడిని చూసి డబ్బు పెట్టరు. ఎస్క్రో ఖాతాలోకి (ముందు అప్పు వాయిదా తీశాకే మిగతాది వదిలే ఖాతాలోకి) వచ్చేది ఇంచుమించు రెట్టింపు ఉండాలంటారు. ఆరు నెలల వడ్డీ, అంటే నాలుగు కోట్ల పైచిలుకు, రిజర్వుగా ముందే పక్కన పెట్టమంటారు.

చాలామంది పడిపోయేది ఇక్కడే. ఆస్తిపన్ను నెలనెలా రాదు. ఏప్రిల్‌లో 5 శాతం రాయితీ ఉన్నప్పుడు ఒక విడత, మార్చి ఆఖర్లో మరో విడత వస్తుంది. మధ్య నెలల్లో కౌంటర్లు ఖాళీ. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి చూపించే కన్సల్టెంటును నమ్మకు. ఏప్రిల్, మే రాబడిలోంచే రాబోయే ఆరు నెలల వాయిదా తీసి పెట్టాకే మిగతాది జనరల్ ఫండుకు వెళ్లాలని ఎస్క్రో ఒప్పందంలోనే రాయించు. నీటి చార్జీలు కూడా ఆ ఖాతాలోకే మళ్లిస్తే నెలల మధ్య ఎత్తుపల్లాలు కొంత సర్దుకుంటాయి. రాబడి ఇంకో బ్యాంకు ఖాతాలోకి పోయే దారులన్నీ మూసెయ్. వార్డు సచివాలయం, ఆన్‌లైన్, మీసేవ, ఎక్కడ కట్టినా చివరికి చేరేది ఆ ఒక్క ఖాతాకే.

వడ్డీ రేటు మన చేతిలో ఉండదు. జీహెచ్ఎంసీ 2018 ఫిబ్రవరిలో 200 కోట్లు 8.90 శాతానికి తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో 195 కోట్లు 9.38కి, 2019 ఆగస్టులో 100 కోట్లు 10.23కి. సంస్థ అదే, బజారు మారింది. విశాఖ 2018 డిసెంబరులో 80 కోట్లు 10 శాతానికి తెచ్చుకుంది. విడతలుగా తెస్తే రేటు పెరిగే భయం ఉంది, నిజమే. అయినా విడతలే మేలంటాను. మొత్తం ఒకేసారి తెచ్చి, టెండర్లు తేలక ఏడాదిన్నర బ్యాంకులో పడుకోబెడితే 9 శాతం కట్టి ఆరున్నర తీసుకుంటాం. వంద కోట్ల మీద ఆ తేడా ఏడాదికి రెండున్నర కోట్లు. స్థలం చేతికి వచ్చి, టెండరు ఖరారై, లెటర్ ఆఫ్ అవార్డు (పని అప్పగించే పత్రం) ఇచ్చాకే బాండుకు తేదీ పెట్టు.

నువ్వు చెప్పిన నాలుగింటిలో బాండుకు సరిపోయేది సోలారే. ఇందోర్ 2023 ఫిబ్రవరిలో చేసింది ఇదే: 244 కోట్ల గ్రీన్ బాండు పబ్లిక్ ఇష్యూ, 8.25 శాతం. జలూద్ దగ్గర నర్మద నీళ్లు తోడే పంపులకు 60 మెగావాట్ల సోలార్ కోసం. అసలును నాలుగు భాగాలు చేసి మూడు, ఐదు, ఏడు, తొమ్మిదో ఏట తీర్చేలా పెట్టారు. చివర్లో కొండంత భారం మిగలకుండా ఇది మంచి ఏర్పాటు. పైగా అక్కడ కొత్త రాబడి పుట్టించాల్సిన పని లేదు, ఎలాగూ కడుతున్న కరెంటు బిల్లు తగ్గుతుంది, అంతే.

అయితే ఆ తగ్గేదెంతో నిజాయితీగా వేయి. మన ఎండలకు ఒక మెగావాట్ ఏడాదికి 15 లక్షల యూనిట్ల పైచిలుకు ఇస్తుంది. యూనిట్‌కు ఆరున్నర చొప్పున కోటి రూపాయలు మిగులుతుందని ఎవరైనా చెబుతారు. హెచ్‌టీ (హైటెన్షన్ కరెంటు) బిల్లు తీసి చూడు. అందులో లోడును (కేవీఏ) బట్టి వేసే డిమాండ్ చార్జీ సోలార్ పెట్టినా దాదాపు అలాగే ఉంటుంది. తగ్గేది వాడిన యూనిట్ల మీద వేసే ఎనర్జీ చార్జీ ఒక్కటే. ప్లాంటు పంపుహౌస్ ఆవరణలో ఉంటే సరే. స్థలం చవకని ముప్పై కిలోమీటర్ల అవతల పెడితే వీలింగ్ (వేరేవాళ్ల లైన్ల మీద కరెంటు తెచ్చినందుకు), బ్యాంకింగ్ (మిగిలిన కరెంటు గ్రిడ్‌లో దాచినందుకు) చార్జీలు వచ్చి కూర్చుంటాయి. ఇంకోటి, సోలార్ పగలు ఇస్తుంది, మన పంపులు తెల్లవారుజామున నడుస్తాయి. సంపుల్లో, ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో ఒక పూట నీళ్లు నిలవ ఉండే చోటుంటే పంపింగును పగటికి జరపొచ్చు. లేకపోతే ముందు ట్యాంకులకు డబ్బు పెట్టు. నేల దొరకకపోతే చెరువు మీద తేలే పలకలూ ఉన్నాయి, విశాఖ ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్లు వేశారు.

దీపాలను బాండులో కలపకు. అవి పొదుపుతోనే తీరతాయి. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో ఈఈఎస్ఎల్ (కరెంటు పొదుపు పనులు చేసే ప్రభుత్వ రంగ సంస్థ) పద్ధతిలో దాదాపు 92 వేల దీపాలు మార్చారు. పెట్టుబడి సంస్థది, మిగిలిన కరెంటు డబ్బులోంచి మున్సిపాలిటీ ఏటా కడుతుంది. 250 వాట్ల సోడియం దీపం తీసి 120 వాట్ల ఎల్ఈడీ పెడితే, ఏడాదికి నాలుగు వేల గంటల వెలుగుకు 520 యూనిట్లు మిగలాలి. మరి చాలా చోట్ల బిల్లు ఎందుకు తగ్గదు? పాత దీపాల్లో మూడో వంతు వెలగకుండానే ఉంటాయి కనుక! కొత్తవి అన్నీ వెలుగుతాయి. పైగా మీటరు లేని స్విచ్ పాయింట్లకు (దీపాల వరుసను వెలిగించే పెట్టెలకు) డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అంచనా మీద బిల్లు వేస్తుంది. ఒప్పందానికి ముందే ప్రతి స్విచ్ పాయింటుకూ మీటరు పెట్టించి, రెండు నెలలు రీడింగు తీసి, వెలిగేవెన్ని, వెలగనివెన్ని అని ఇద్దరూ సంతకం పెట్టుకోండి. ఈ కాగితం లేని ఒప్పందం చివరికి వివాదంలోకే పోతుంది. ఆరిన దీపాన్ని 48 గంటల్లో మార్చకపోతే కోత పడే షరతు కూడా ఉండాలి.

మురుగుశుద్ధికి హైబ్రిడ్ యాన్యుటీ చూడు. నమామి గంగే కింద వారణాసి, హరిద్వార్, మథురల్లో ఇలాగే కట్టారు. నిర్మాణ సమయంలో పని దశలను బట్టి 40 శాతం మనం ఇస్తాం. మిగతా 60 శాతం కాంట్రాక్టరే తెచ్చి పెట్టి, 15 ఏళ్లపాటు వడ్డీతో తీసుకుంటాడు. నడిపే ఖర్చు వేరుగా ఇవ్వాలి. పదిహేనేళ్లు వాడే నడపాలి కనుక నాసిరకం మోటార్లు పెట్టడు, అదీ ఇందులో లాభం. బయటికి వచ్చే నీటి నాణ్యతకు చెల్లింపును ముడిపెట్టు. నమూనా తీసేది కాంట్రాక్టరు మనిషి కాకూడదు. ఇక అసలు ప్రమాదం: ప్లాంటు కట్టేశాం, ఇళ్ల నుంచి భూగర్భ డ్రైనేజీ కనెక్షన్లు లేవు, మురుగు రాదు. అయినా యాన్యుటీ (ఆ పదిహేనేళ్ల వాయిదా) కట్టాల్సిందే. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! ఇరవై ఎంఎల్‌డీ (రోజుకు ఇరవై మిలియన్ లీటర్లు) అంటున్నావు. ఇవాళ ఆ అవుట్‌ఫాల్ డ్రెయిన్‌లో (ఊరి మురుగు బయటికి పోయే కాలువలో) ఎంత పారుతోందో ఎండాకాలంలో వారం రోజులు కొలిపించు. పది వస్తే పదే కట్టు, రెండో పదికి పక్కన స్థలం వదిలిపెట్టు.

శుద్ధి చేసిన నీళ్లు అమ్ముడుపోతే కథ మారుతుంది. మథురలో రిఫైనరీ తీసుకుంటోంది. ఘాజియాబాద్ 2021లో 150 కోట్ల గ్రీన్ బాండు 8.10 శాతానికి తెచ్చింది, సాహిబాబాద్ పరిశ్రమలకు నీళ్లు ఇచ్చే ప్లాంటు కోసమే. నీ పరిధిలోని పారిశ్రామికవాడతో మాట్లాడు. కానీ నోటిమాటకు ఊ కొట్టకు. తీసుకున్నా తీసుకోకపోయినా కనీస పరిమాణానికి డబ్బు కట్టే ఒప్పందం కావాలి. వాళ్లు పక్కనే బోరు వేసి చవగ్గా తోడుకుంటుంటే ఆ సంతకం రాదు. కాబట్టి భూగర్భజల శాఖను, కలెక్టరును ముందే కలుపుకో.

బస్సుల జోలికి నువ్వు అప్పుతో పోవద్దు. పీఎం ఈ-బస్ సేవలో కేంద్రం కిలోమీటరు చొప్పున ఇస్తుంది, పన్నెండు మీటర్ల బస్సుకు 24 రూపాయలు, తొమ్మిది మీటర్లదానికి 22, పదేళ్లపాటు. నీ వంతు డిపో స్థలం, హెచ్‌టీ లైను విషయంలో వెంటపడటమే.

రాయితీలు కూడా అడుగు. మొదటిసారి బాండ్లు వేసే నగరాలకు కేంద్రం పట్టణ పథకం అమృత్ కింద 100 కోట్లకు 13 కోట్ల చొప్పున, 26 కోట్లు దాటకుండా ఇచ్చారు. 2025 బడ్జెట్‌లో చెప్పిన అర్బన్ చాలెంజ్ ఫండులో కేంద్రం నాలుగో వంతు భరిస్తుంది, కనీసం సగం బాండ్లో బ్యాంకులో ప్రైవేటు భాగస్వామ్యమో తేవాలి. దరఖాస్తుకు ముందు గడువులు పురపాలక శాఖ డైరెక్టరేట్‌లో కనుక్కో. గ్రీన్ అన్న ముద్ర వల్ల వడ్డీ బాగా తగ్గుతుందని మాత్రం ఆశపెట్టుకోకు. తగ్గేది చాలా కొద్ది. దానికి బదులు బయటి సంస్థ ధ్రువీకరణ, ఏ పైసా ఏ పనికి పోయిందో ఏటా వెల్లడి, ఇవి చేయాలి. మధ్యలో ఎవరో వచ్చి ఆ డబ్బులోంచి ఫ్లైఓవర్ అప్రోచ్ రోడ్డు వెయ్యమంటే కుదరదు. నిజం చెప్పాలంటే నాకు ఆ ముద్రలో నచ్చిందే అది.

కౌన్సిల్ తీర్మానం, ప్రభుత్వ జీవో, రెండు సంస్థల రేటింగు, ట్రస్టీ (బాండు కొన్నవాళ్ల తరఫున చూసే సంస్థ), మర్చంట్ బ్యాంకరు (బాండ్ల ఇష్యూ నడిపించే సంస్థ), ఇవన్నీ కలిపి ఏడాది పడుతుందనుకో. రేటింగు వాళ్లు మొదట అడిగేది ఆడిటైన లెక్కలు. డబుల్ ఎంట్రీ పుస్తకాలు పైపైన నడుస్తుంటే ఇప్పుడే ఒక చార్టర్డ్ అకౌంటెంటును పెట్టు.

ఈ నెలాఖరులోగా నాకు మూడు పంపు. గత మూడేళ్ల డీసీబీ నెలవారీగా, అందులో ప్రభుత్వ భవనాల బకాయి, కోర్టులో ఉన్న బకాయి విడిగా తీసేసి. పంపుహౌస్ హెచ్‌టీ బిల్లులు పన్నెండు. డిస్కంకు మనం పడ్డ పాత బాకీ ఎంతో ఒక ముక్క. అవి చూశాక వంద కోట్లా, ముప్పై కోట్లా అన్నది మాట్లాడుకుందాం.

నీ మావయ్య