కాక్స్ బజార్ వెళ్తున్న మేనకోడలికి

చి. అమ్మలూ,

మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా శరణార్థుల పిల్లల ముందు ఆట కట్టడానికి మీ బృందం బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాలకు వెళ్తోందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెప్పింది అనడం కంటే తిట్టింది అనాలి. నీకు ఇంద్రజాలం నేర్పింది నేనే కదా, సగం తిట్లు నాకే పడ్డాయి.

ముందు ఆ తోలుబొమ్మల తెర ఇంట్లో పెట్టెయ్. దానికి చీకటి కావాలి, వెనక దీపం కావాలి. ఆ శిబిరాల్లో బయటివాళ్లు సాయంత్రానికల్లా వెళ్లిపోవాలి. పైగా కేతిగాడూ బంగారక్కా మాటల మీద బతికేవాళ్లు, తెలుగు రాని పిల్లలకు వాళ్ల సరసం ఏం ఎక్కుతుంది? చేతిబొమ్మలు పట్టుకెళ్లు. అందులో ఏనుగు మాత్రం వద్దు. 2017 ఆగస్టు నుంచి మయన్మార్ వదిలి 7 లక్షల మందికి పైగా పారిపోయి వచ్చారు. అక్కడి కుతుపలాంగ్ శిబిరంలో గుట్టల మీద వాళ్లు వెదురూ టార్పాలినూ కట్టుకున్నది ఏనుగులు తిరిగే దారిలోనే. ఏనుగులు తొక్కి ప్రాణాలు పోయినవాళ్లున్నారు. తొండం చూస్తే నీకు వినాయకుడు గుర్తొస్తాడు, వాళ్లకు ఆ రాత్రి గుర్తొస్తుంది.

నీ ఐటమ్స్‌లో చప్పట్లు ఎక్కువ పడేది మనిషిని మాయం చేసే పెట్టెకే. అదీ వద్దు. ఇంట్లోవాళ్లు కళ్లముందే కనబడకుండా పోయిన పిల్లలు అక్కడ కూర్చుని ఉంటారు. కత్తులు, నిప్పు, బెలూన్ పగలగొట్టడం అన్నీ తీసెయ్. 2021 మార్చిలో అక్కడ వేల గుడిసెలు కాలిపోయాయి. ఖాళీ సంచిలోంచి గొడుగు, గొడుగులోంచి రుమాళ్లు, ఇలా ఏదో ఒకటి వచ్చే ఐటమ్స్ పెట్టుకో. వాటికన్నా బాగా పండేది నువ్వు తెల్లమొహం వేసే ఐటమ్. తాడు ముడి ఎంత లాగినా నీకు ఊడదు, ఎదురుగా ఉన్న పిల్ల పట్టుకుంటే చిటికెలో ఊడాలి. అన్నీ పెద్దవాళ్లే నిర్ణయించే చోట పెద్దమనిషి ఓడిపోవడం వాళ్లకు పెద్ద వినోదం. పిలిస్తే రాని పిల్లని చెయ్యి పట్టి లాగకు. మొదట కాసేపు ఎవరూ నవ్వరు, నిన్నే చూస్తుంటారు. కంగారుపడి గొంతు పెంచకు.

ఈ పని మనతో మొదలైంది కాదు. 1993లో బార్సిలోనా పిల్లలు అడిగితే తోర్తెల్ పోల్త్రోనా అనే విదూషకుడు క్రొయేషియాలోని శరణార్థి శిబిరానికి వెళ్లి ఆడాడు. ‘సరిహద్దులు లేని విదూషకులు’ సంస్థ పుట్టింది ఆ ప్రయాణంలోంచే. ఆయన వెళ్లింది ఆడడానికి. నువ్వూ అంతే. చాక్లెట్లు విసరకు, తోపులాటలో చిన్నవాళ్లు కింద పడతారు. పైగా రేపటినుంచి వాళ్లు ఆట చూడరు, నీ సంచి చూస్తారు. పిల్లల ముఖాలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకు. ఫోటో కావాలంటే వెనకనుంచి, నీ మొహం కనబడేలా తీయించుకో. అందం నీదే కదా!

శిబిరంలోకి అడుగుపెట్టాలంటే అక్కడి శరణార్థుల కమిషనర్ ఆఫీసు అనుమతి ఉండాలి. అది మిమ్మల్ని పిలిచిన సంస్థే తెప్పించాలి. చేతికి రాకుండా టికెట్ కొనకు. టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి, అక్కడ చూసుకుందాం అనేవాళ్లను నమ్మకు. తిండి, బస, ఇన్సూరెన్స్ ఎవరు పెట్టుకుంటారో కాగితం మీద రాయించుకో. ఉచితంగా ఆడతాం అంటే మన ఖర్చు గురించి అడగకూడదని కాదు. పిల్లల రక్షణ నియమావళి మీద సంతకం చేయించని సంస్థయితే అసలు వెళ్లకు.

శిబిరంలో ఒక్కో భాగానికి మాఝీ అని పెద్ద ఉంటాడు. మొదటి ఆట ఆయనకీ, ఇంకో ఇద్దరు ముసలాళ్లకీ చూపించు. చేతబడి కాదు, చేతివాటమే అని వాళ్లు నమ్మితే మిగతాది వాళ్లే చూసుకుంటారు. అజాన్ వినబడితే డప్పు ఆపెయ్. శుక్రవారం ఆట పెట్టకు. ఒళ్లంతా కప్పే బట్టలు వేసుకో. జూన్ నుంచి వానలు, గుట్టలు జారతాయి, అప్పుడు వద్దు. 2017 చివర్లో అక్కడ డిఫ్తీరియా వచ్చింది, బూస్టర్ టీకా గురించి డాక్టర్ని అడుగు.

అక్కతో నేను మాట్లాడతాను. నువ్వు ఈ వారంలో పాస్‌పోర్ట్ సేవా సైట్‌లో పోలీస్ క్లియరెన్స్‌కి అప్లై చెయ్, అది రాగానే ఫోన్ చెయ్.

మీ మావయ్య