పీటీఎస్‌డీ ఆడవాళ్ళకే ఎక్కువా? మా ఇంట్లో మందుల చీటీ ఒకరికే రాశారు

"పీటీఎస్‌డీ ఆడవాళ్ళకు మగవాళ్ళకంటే రెట్టింపుగా వస్తుందట, అంటే ఆడవాళ్ళ మనసు బలహీనమనేనా?" అని ఒకరు అడిగారు. పీటీఎస్‌డీ అంటే, ఘోరమైన సంఘటన ఎదురైన తరువాత అది మనిషిని వదలకుండా వెంటాడే మానసిక రుగ్మత.

రెట్టింపు అన్న లెక్క అబద్ధం కాదు. 1995లో వెలువడిన అమెరికా జాతీయ సర్వే ప్రకారం, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడినవారు స్త్రీలలో 10.4 శాతం, పురుషులలో 5 శాతం. ఘోరమైన సంఘటన ఏదో ఒకటి ఎదురైనవారు మాత్రం పురుషులలోనే ఎక్కువ: 60.7 శాతం, స్త్రీలలో 51.2. అదే సర్వేలో, తమను అన్నిటికంటే కుంగదీసినది అత్యాచారమేనని చెప్పినవారిలో ఈ రుగ్మతకు లోనైన పురుషులు 65 శాతం, స్త్రీలు దాదాపు 46 శాతం. బలహీనత గురించి మాట్లాడేవారు ఈ అంకె దగ్గరకు వచ్చేసరికి ఏమంటారో వినాలని ఉంది.

2013 ఫిబ్రవరి 21న, గురువారం సాయంత్రం ఏడు గంటల వేళ దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ళకు అమర్చిన బాంబులు రెండు పేలినప్పుడు నేనూ మావారూ రోడ్డుకు అవతలి వైపు పళ్ళ బండి దగ్గర నిలబడి ఉన్నాము. ఇద్దరికీ దెబ్బ తగలలేదు. ఆ తరువాత నాకు నిద్ర పట్టేది కాదు; కుక్కర్ కూత వేస్తే చేతిలోని గిన్నె జారిపోయేది; మా అత్తగారు దిష్టి తీసి, తాయెత్తు కట్టించి, చివరకు తానే డాక్టరు దగ్గరకు వెళ్ళమన్నారు. రెండు గంటలు కూర్చోబెట్టిన తరువాత ఆ డాక్టరుగారు మొదట అడిగింది నెలసరి సక్రమంగా వస్తోందా అని. ఆడమనిషి ఏ బాధతో వెళ్ళినా మన వైద్యం అక్కడి నుంచే మొదలవుతుంది కాబోలు. మందులు రాసి, పక్కన కూర్చున్న మావారితో "సార్, మేడమ్‌ని కాస్త జాగ్రత్తగా చూసుకోండి" అన్నారు. అదే రోడ్డు మీద, నా పక్కనే ఉన్న మనిషిని "మీకెలా ఉంది?" అని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

మావారు ఏడవలేదు, భయమనలేదు. దీపావళికి నేను కిటికీలు మూసుకుని లోపల కూర్చుంటే, ఆయన కిందకు దిగి సెల్లార్ దగ్గర టపాసులు కాలుస్తున్న పిల్లల మీద చెయ్యెత్తారు. దానికి మా అపార్ట్‌మెంట్ వాళ్ళు పెట్టిన పేరు ముక్కోపం. నాది జబ్బు, ఆయనది స్వభావం.

ఈ తేడా వైద్య గ్రంథంలోనూ చాలాకాలం ఉంది. 1994 నాటి అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం ప్రకారం, సంఘటన జరిగినప్పుడు తీవ్రమైన భయమో, నిస్సహాయతో, గగుర్పాటో కలిగి ఉంటేనే ఇది పీటీఎస్‌డీ. మగపిల్లవాడికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఒప్పుకోకూడదని మనం నేర్పేవి సరిగ్గా అవే. ఆ నియమాన్ని తొలగించి, ప్రమాదానికి తెగించే ప్రవర్తనను కూడా లక్షణాలలో చేర్చినది 2013 మేలో, అంటే మా ఇంటి ముచ్చటకు మూడు నెలల తరువాత. స్త్రీలపై జరిగే హింస తీరు వేరు, చిన్న వయసులోనే, తెలిసినవారి చేతుల్లోనే ఎక్కువ జరుగుతుంది. అంకెల్లో దాని వాటా పెద్దదే, కాదనను. కానీ మిగిలిన తేడాలో అధికభాగం ఎవరిని అడిగాము, ఏమని అడిగాము అన్నదే అని నా గట్టి నమ్మకం.

మా అబ్బాయి ఎనిమిదో ఏట సైకిలు కావాలన్నాడు. ట్రాఫిక్ అని ఒక ఏడు, చదువు అని ఒక ఏడు ఆయన దాటవేస్తూ వచ్చారు. పిసినారితనమనుకుని నేను కూడా దెప్పాను. ఒక రాత్రి గట్టిగా నిలదీస్తే, గోడవైపు తిరిగి, "ఆ రోజు అక్కడ ఎన్ని సైకిళ్ళు ఆగి ఉన్నాయో ఇప్పటికీ లెక్క పెడుతూనే ఉంటాను" అన్నారు. అప్పుడు గమనించాను, ఆగి ఉన్న సైకిలు పక్కన ఆయన బండి నిలపడం ఇన్నేళ్ళలో నేను చూడనే లేదు.

కాబట్టి మీ ఇంట్లో మగవాళ్ళను భయంగా ఉందా అని అడగకండి. దేనిని తప్పించుకు తిరుగుతున్నారో చూడండి. మావారు ఆరు నెలల పాటు వేరొక డాక్టరు దగ్గరకు వెళ్ళివచ్చాక, వాడికి సైకిలు తానే కొని తెచ్చారు. వెనక క్యారియర్‌ను మాత్రం దుకాణంలోనే విప్పించేశారు.